గోటికి రంగు లేదా, గేటు దగ్గరే ఆగు!

మస్కట్‌లోని అల్ హైల్‌లో జూన్ ఎండ 40 డిగ్రీలు దాటితే బూట్లలో కాళ్లు ఉడికిపోతాయి. చెప్పులే గతి. అప్పుడొస్తుంది మన వదినగారి తీర్పు: "శాండల్స్ వేసుకుని గోళ్లరంగు లేకపోతే ఎలా అమ్మాయ్?" దిష్‌డాషా అనే పొడవాటి అంగీ కింద తోలుచెప్పులతో తిరిగే ఒమానీ పెద్దమనిషి గోళ్లను ఎవరూ తనిఖీ చేయరు. అన్నయ్యగారి పగిలిన మడమలకైతే శాశ్వత మినహాయింపు! ఇక ఇక్కడి ఆడవాళ్లకు, నమాజుకు ముందు కడుక్కునే వుజూ నీళ్లు గోటికి తగలాలి కనుక పాలిష్ అడ్డం, గోరింటాకు కాదు. అందుకే ఇక్కడ ఈద్‌కి పాదాలు గోరింటాకుతో పండుతాయి, మనకు ఆషాఢంలో పండినట్టే. గోటి మీది గోరింటాకు గోటితోపాటే పెరిగి పోతుంది. సీసా రంగు సముద్రపు ఇసుకలో నాలుగడుగులకే పెచ్చులూడుతుంది. అయినా, గడప బయటే చెప్పులు విప్పేశాక ఈ గోళ్లరంగు రూలు చెల్లుతుందో లేదో వదినగారే చెప్పాలి.