తలకు 250 రూపాయలు

పంచాయతీ ఎన్నికల గాలి ఇట్లా తగిలిందో లేదో, మా చిత్తూరు దిక్కున పెద్దమనుషులకు మళ్ళీ శాంతి గుర్తొచ్చింది. ‘ఎన్నికలెందుకబ్బా, కక్షలెందుకు, కూర్చోని మాట్లాడుకోని ఏకగ్రీవం చేసుకుందాం’ అంటున్నారు. ఐదేళ్ళూ గట్టు తగాదాలతో పోలీస్ స్టేషన్ మెట్లు అరగదీసినవాళ్ళే వీళ్ళు.

గ్రీవం అంటే మెడ. ఊరంతటికీ ఒక్క మెడ నిటారుగా ఉండి, మిగతావన్నీ వంగి ఉండటం. ఇంత నిజాయతీ ఉన్న సర్కారీ మాట నాకు ఇంకొకటి కనబడలేదు.

నజరానా లెక్క అయితే మరీ ముచ్చట. ఏకగ్రీవమైన పంచాయతీలకు 2021లో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన రేట్లు ఇవి: జనాభా 2,000 లోపైతే 5 లక్షలు, 5,000 లోపు 10 లక్షలు, 10,000 లోపు 15 లక్షలు, ఆపైన 20 లక్షలు. పలక తీసుకోని భాగించండి. రెండు వేల జనం ఉన్న ఊళ్ళో తలకు 250. ఐదు వేలుంటే 200. పది వేలుంటే 150. మదనపల్లె టమోటా మార్కెట్లో మాదిరి టోకు బేరమన్నమాట.

జనాభా లెక్క గాబట్టి ఉయ్యాల్లో బిడ్డకూ ధర కట్టినట్టే. పాపం, ఓటు రాకముందే అమ్ముడుపోయింది.

ఓటు వెయ్యమని డబ్బిస్తే నేరం. వెయ్యకుండా ఉన్నందుకు ఇస్తే ప్రోత్సాహకం. రాత్రిపూట కవర్లు పంచేవాడైనా మనిషి చేతిలో పెట్టిపోతాడు. ఇది పంచాయతీ ఖాతాలో పడి సిమెంటు రోడ్డవుతుంది. సర్పంచిని ‘నిలబెట్టిన’ ఆసామి ఇంటి ముందర మొదలైన ఆ రోడ్డుకు, దళితవాడ మొగదలకొచ్చేసరికి సిమెంటు చాలదు.

పుంగనూరు మున్సిపాలిటీలో 2021లో 31 వార్డులకు 31 ఏకగ్రీవం. మా ఇంట్లో ఉండేది నలుగురం. రాత్రికి ఉప్మానా, దోసెనా అన్నదాని మీద ఇంతవరకూ ఏకగ్రీవం కుదరలేదు.

పదవికి వేలంపాట పెట్టే ఊళ్ళ గురించి నేనేం చెప్పను? వాళ్ళు కనీసం సంత అని ఒప్పుకుంటారు.

ఎగతాళి చాలు. సీటు ఎస్సీ మహిళకు రిజర్వయిన ఊళ్ళో ఈ శాంతి ఎందుకు పొంగుతుందో మనకు తెలియదా? ఆసామి తన చేలో పనిచేసేవాడి పెండ్లాంతో నామినేషన్ మీద సంతకం పెట్టిస్తాడు. చదువుకున్న ఇంకో ఆడబిడ్డ నిలబడతానంటే, ఇంటిపన్ను బకాయి లేదనే కాగితం ఇచ్చే మనిషి ఆ రోజే ఊళ్ళో ఉండడు. గుడి ముందర మీటింగు పెట్టి ‘ఎవరికైనా అభ్యంతరమా?’ అంటారు. తెల్లారితే ఆయన చేలోకే కూలికి పోవాల్సిన మనిషి ఆయన మొహం చూస్తా చెయ్యెత్తాలా? రహస్య ఓటు పెట్టిందే ఆ మనిషి కోసం గదరా! ఎవురూ నచ్చలేదని చెప్పే నోటాను 2013లో సుప్రీంకోర్టు ఇప్పించింది. మీ గుడి అరుగు మీద ఆ బటన్ ఏ మూలనుంది?

మదురై జిల్లా పాపాపట్టి, కీరిపట్టిల్లో దళితులకు రిజర్వయిన పంచాయతీలను 1996 నుంచి పదేళ్ళు నడవనియ్యలేదు. వాళ్ళు మొరటోళ్ళు, మొహం మీదే వద్దన్నారు. మనోళ్ళు దండ వేసి, ఫోటో దిగి, నజరానా కూడా పుచ్చుకుంటారు.

శాంతి అంత మేలైందయితే ఎమ్మెల్యే సీట్లతో మొదలుపెట్టండి. చంద్రగిరి, పీలేరు ఏకగ్రీవం చేసి చూపిస్తే, నజరానాకు నేనే చందాలెత్తుతా.

పోయినసారి ఇట్లా శాంతించిన ఊరొకదానికి పోయినాను. దళితవాడలో ఒక అవ్వ బియ్యం డబ్బాలోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులో ఉన్న ఓటరు కార్డును కొంగుతో తుడిచి చూపించింది.

‘ఈతూరి మా ఇండ్లకాడికి దండం పెట్టుకుంటా ఎవురూ రాలేదేం సామీ? ఎలచ్చన్లు ఎప్పుడు?’

‘అయిపోయినాయవ్వా.’

కార్డును అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

‘నేను ఎయ్యకుండానే?’ అనింది.