గ్రెయిన్ చాటువు: టీకా తాత్పర్య సహితం

ఆ. నలుసులన్ని తీసి నాజూకుగా నొక్కి
విత్తుచీటి రాసి విడిగ పంపి
చేరినంత ఫోను చేతనే చల్లించు
నతడె గురువు సుమ్మి యమిరుపేట!

అవతారిక: “పాత సినిమా ఆన్‌లైన్‌లో పెడితే మొహాలన్నీ గళ్లుగళ్లుగా వస్తున్నాయి, ఎందుకు సార్?” అని మైత్రీవనంలో ఒక శిష్యుడడగ్గా కోచింగ్ గురువు చెప్పినది.

టీక: నలుసులన్ని = ఫిల్ము గ్రెయినంతా; తీసి = డీనాయిజ్ చేసి; నాజూకుగా నొక్కి = ఏవీ1 కోడెక్‌తో కుదించి; విత్తుచీటి = గ్రెయిన్ తీరూ, 16 బిట్ల ర్యాండమ్ సీడూ ఉన్న పట్టీ; ఫోను చేతనే = చూసేవాడి డీకోడర్ చేతనే; అమిరుపేట = అమీర్‌పేటలో. దీర్ఘం పోయింది ఛందస్సు కోసం. కుదింపు మీద పద్యంలో ఆమాత్రం కుదింపు దోషం కాదు.

తాత్పర్యం: కోడెక్ బతుకంతా ముందు ఫ్రేము చూసి తర్వాతి ఫ్రేమును ఊహించడం మీదే. నాయిక కదలకుండా కూర్చున్నా గ్రెయిన్ కూర్చోదు. ఫ్రేము ఫ్రేముకూ చోటు మారుతుంది. ఊహ అందక బిట్లన్నీ దానికే ఖర్చవుతాయి, మొహానికి మిగలవు. అందుకే 2018 నాటి ఏవీ1 గ్రెయిన్‌ను పంపదు, దాని తీరును అంకెల్లో పంపుతుంది: పక్క చుక్కలతో ఒక్కో చుక్కకున్న చుట్టరికం (వెలుగు వరకు గరిష్ఠంగా 24 అంకెలు), ఏ వెలుగులో ఎంత దట్టమో ఆ లెక్క. డీకోడర్ దాన్నిబట్టి చిన్న గ్రెయిన్ గుడ్డ నేసి, 32×32 ముక్కలు ఎక్కడపడితే అక్కడ కత్తిరించి బొమ్మంతా అతికిస్తుంది.

శంక: హెచ్.264 కోడెక్‌లోనూ ఇలాంటి చీటీ ఉంది కదా? ఉంది. చదవాలో వద్దో డీకోడర్ ఇష్టానికి వదిలేశారు. ఐచ్ఛికమంటే మనవాళ్లు ఏం చేస్తారో వేరే చెప్పాలా?

పాఠాంతరం: “చేరినంత టీవి” అని పంజాగుట్ట ప్రతి. గణాలు చెడవు. అమీర్‌పేటలో మెట్రో ఎక్కి తర్వాతి స్టేషన్ పంజాగుట్టలో దిగేలోపు ఫోనులో గ్రెయిన్ ఎవడికి కనబడింది గనక? మాకు ఈ “టీవి” పాఠమే సమ్మతం.

విశేషం: “నలుసు” అనడం మాత్రం గురువుగారి తొందరపాటు. ఆ పేటలోనే ఉన్న సారథి స్టూడియోలో తీసిన ‘మా ఇంటి మహాలక్ష్మి’ (1959) లాంటి నలుపు తెలుపు చిత్రంలో గ్రెయిన్ బొమ్మ మీద పడ్డ దుమ్ము కాదు; ఆ వెండి రేణువులతోనే బొమ్మ కట్టింది. డీనాయిజ్ చెయ్యి కాస్త బరువైతే చీర నేతా, చెంప మీది పౌడరూ గ్రెయిన్ వెంటే పోతాయి. తర్వాత చల్లేది అచ్చం అలాంటి గ్రెయినే, అదే గ్రెయిన్ కాదు. పోయిన నేతను ఏ చీటీ తిరిగి తేలేదు. కాబట్టి ఈ పద్యం జనానికి పంపే కాపీకే చెల్లుతుంది, బీరువాలో దాచే కాపీకి చెల్లదు.