మూడో ప్రమాద హెచ్చరిక

ధవళేశ్వరం దగ్గర గోదావరికి ప్రమాద హెచ్చరికలు మూడు. నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటిది, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకల వాళ్లు గొడ్లను గట్టుకు తోలుకోవడానికి వ్యవధి ఇచ్చే ఈ ఏర్పాటు నాకెంతో నచ్చింది. రాజమండ్రిలో సొంతిల్లు ఉన్న పాపానికి నేనూ మా ఇంటికి ఇలాంటిదే ఒకటి పెట్టుకున్నాను.

హైదరాబాదు నుంచి మా అక్క కొడుకు "మావయ్యా, అక్కడ వానలెలా ఉన్నాయి?" అని మెసేజ్ పెడితే మొదటి హెచ్చరిక. వరి ఆకుకీ గడ్డికీ తేడా తెలియనివాడికి వానల మీద ధ్యాస పుట్టిందంటే, ఏజెన్సీలో జలపాతాలు దూకుతున్నాయని అర్థం. వాడి భార్య మా ఆవిడకి ఫోన్ చేసి "అత్తయ్యా, మీ చేతి పులస పులుసు తిని ఎన్నాళ్లయిందో" అంటే రెండోది. పుస్తెలమ్మైనా పులస తినాలన్న మహానుభావుడు తిన్నవాడే అయ్యుంటాడు, కొని పెట్టినవాడు మాత్రం కాడు. మూడో హెచ్చరికకి వ్యవధి ఉండదు. అప్పటికే గేటు ముందు రెండు కార్లు ఆగి, ఒళ్లంతా జేబులున్న బట్టలతో ఎనిమిది మంది దిగుతుంటారు.

వీళ్లు వచ్చేది మమ్మల్ని చూడటానికి కాదు, మారేడుమిల్లి కొండల్లో సాహసయాత్రకి. మారేడుమిల్లి మాకు ఎనభై కిలోమీటర్ల పైమాటే. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు అది మా తూర్పు గోదావరిని వదిలి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లిపోయింది. ఇక నా బాధ్యత తీరిందనుకున్నాను. మా బంధువులు గెజిట్ చదవరు. "ఎవరెస్టుకైనా బేస్ క్యాంపు ఉంటుంది కదా మావయ్యా" అంటూ వాడు నా మంచం మీద బ్యాగు పడేశాడు. బేస్ క్యాంపు అంటే కొండెక్కేవాళ్లకి వేళకింత వండిపెట్టి, తడిసిన బట్టలు ఆరేసి, ఇంటాయన హాల్లో చాప మీద పడుకునే చోటు.

పెద్దవాళ్లుంటే ధైర్యమని ఒకసారి నన్నూ లాక్కుపోయారు. ధైర్యం సంగతేమో గాని, బ్యాగులకి కాపలా కుదిరింది. పుల్లంగి అవతల గుడిస అని పచ్చిక కొండలున్నాయి, సూర్యోదయానికి పేరు. దానికోసం మారేడుమిల్లిలో తెల్లవారుజామున మూడింటికే జీపెక్కాలి. మా వాడి కొత్త కారుని జీపు డ్రైవరు జాలిగా చూసి, "ఆయ్, ఇది పైకెక్కదండి బాబూ" అన్నాడు. జీపు ఎక్కింది, నా నడుం మాత్రం సగం దారిలోనే దిగిపోయింది. పైన మంచు తప్ప మరేమీ లేదు. సూర్యుడు వచ్చాడన్న సంగతి వాచీ చూసుకుని నమ్మాం. ఆ సూర్యుడే రోజూ మా పెరటి కొబ్బరిచెట్ల వెనకనుంచి టిక్కెట్టు లేకుండా వస్తాడు. పక్కన కాఫీ కూడా ఉంటుంది.

దిగేటప్పుడు జలతరంగిణిలో తడిశారు. అక్కడి జలగ ఒకటి నా దుప్పట్లో చేరి రాజమండ్రి దాకా వచ్చింది. మా ఇంటికొచ్చినవాళ్లలో కడుపు నిండగానే తనంతట తాను వదిలేసింది అదొక్కటే. దారిలో బొంగులో చికెన్ తిని "నూనె లేదు, గిన్నె లేదు, అదీ వంటంటే!" అని మర్నాడు కూడా పొగుడుతుంటే మా ఆవిడ వింది. "తోముకునే గిన్నెలు లేని వంట నాకూ ఇష్టమేనండీ, రేపట్నుంచి వెదుళ్లు తెచ్చిపడెయ్యండి" అని నాకు చెప్పింది, వాళ్లకి వినపడేలా.

నవ్వులాటకి రాని సంగతి ఒకటుంది. 2019 సెప్టెంబర్ 15న, నది వరద మీద ఉండగా, పాపికొండలకి బయల్దేరిన రాయల్ వశిష్ట బోటు కచ్చులూరు దగ్గర మునిగింది. ధర్మాడి సత్యం బృందం దాన్ని పైకి లాగేసరికి అక్టోబరు 22 వచ్చింది. ఆ రోజులు చూసినవాళ్లం కాబట్టి లైఫ్ జాకెట్ మాటెత్తితే నేను రాక్షసుణ్నవుతాను. మా మేనల్లుడి అభ్యంతరం ఏమిటంటే, దానికింద చొక్కా కనపడదు, ఫొటో పాడవుతుంది. కనపడకపోతే పీడాపోయె, ఆ చొక్కా కూడా నాదే.

నది పొంగితే గండిపోచమ్మ దగ్గర బోట్లు ఆపేస్తారు. ఆపాలి కూడా. ఆపిన రోజు మాత్రం సాహసమంతా మా ఇంట్లోనే. హాల్లో కిటికీ ఊచకి తాడు కట్టి ఒకడు ముళ్లు నేర్పుతాడు, మరొకడు నా మడత కుర్చీకి బరువు తట్టుకునే పరీక్ష పెడతాడు. పరీక్షలో కుర్చీ తప్పింది.

ధవళేశ్వరంలో కాటన్ బ్యారేజీకి 175 గేట్లు. వరద మించితే అన్నీ ఎత్తి మిగులు జలాలని సముద్రానికి వదిలేస్తారు. నాకున్నది ఒక్కటే గేటు, దిగువన రాజోలులో బావమరిది. దిండిలో హౌస్‌బోటు ఉందనీ, అంతర్వేదిలో గోదారి సముద్రంలో కలుస్తుందనీ, సఖినేటిపల్లి రేవులో మోటారుసైకిళ్లతో, మేకలతో, పెళ్లివారితో కలిసి పంటు మీద నరసాపురం దాటడాన్ని మించిన సాహసం ఆసియాలో లేదనీ నూరిపోసి, ఎనిమిది మందినీ దిగువకి వదిలాను. ఆ రాత్రి నా మంచం మీద నేను పడుకున్నాను.

కాని సముద్రం పోటు మీదుంటే వరద లాగదు, వెనక్కి తంతుంది. మర్నాటి సాయంత్రం బావమరిది ఫోన్.

"బావా, పిల్లలు భలే సరదాపడ్డారు. వాళ్ల మాటలు విని మావాళ్లూ మారేడుమిల్లి చూస్తామంటున్నారు. అందరం కలిసే బయల్దేరాం. రావులపాలెం దాటాం."