పేర్లు పడుతున్నాయి, కూర్చోండి

మా పక్కింటి కుర్రాడు సినిమా తీశాడు. ఎనిమిది నిమిషాల సినిమా. అందులో మొదటి నిమిషంన్నర వాడి పేరే. కథ వాడు, మాటలు వాడు, స్క్రీన్‌ప్లే వాడు, దర్శకత్వం వాడు, హీరో ఎలాగూ వాడే. ఆఖర్న నల్ల తెర మీద ఇంకోసారి, ఈసారి ఇంగ్లీషులో, ఇల్లదిరే మోతతో. ఫోను నా మొహం ముందు పట్టుకుని "ఎలా ఉంది తాతగారూ?" అన్నాడు. "పేర్లు బాగున్నాయిరా" అన్నాను. మెచ్చుకున్నాననుకుని నమస్కారం పెట్టి వెళ్లాడు.

నేను మా ఊరి సినిమాహాల్లో ముప్పై ఏళ్లకు పైగా ఆపరేటర్ని. కాబట్టి పేర్ల గురించి నాకు తెలిసినంత ఆ పిల్లకాయకి తెలీదు. అప్పట్లో క్యాబిన్‌లో రెండు ప్రొజెక్టర్లు, వాటిలో కార్బన్ కడ్డీలు. రెండు కడ్డీల మధ్య ఎడం పెరిగితే తెర చీకటి, తగ్గితే రంగు మారుతుంది. ఒక కన్ను కడ్డీ మీద, ఒక కన్ను గోడకున్న కంతలోంచి తెర మీద. కుడి మూలన చుక్క మెరిసిందంటే రెండో ప్రొజెక్టరు అందుకోవాలి. అందుకోలేదో, నేల టిక్కెట్టు వాళ్లు మా ఇంటి ఆడవాళ్లందరినీ వరసపెట్టి తలుచుకునేవారు.

మొదటి రీలు తల ఎప్పుడూ నలిగే ఉండేది. ఎక్కించేటప్పుడు తెగేది అక్కడే, దించేటప్పుడు గీతలు పడేదీ అక్కడే. తెగినచోట కత్తిరించి, ఘాటు వాసనేసే సిమెంటు రాసి అతికించేవాళ్లం. అతికించినప్పుడల్లా నాలుగు ఫ్రేములు చెత్తబుట్టలోకి. బెజవాడలో ఆడి, గుంటూరులో ఆడి, చిన్నా చితకా ఊళ్లన్నీ తిరిగి ప్రింటు మా దగ్గరికి వచ్చేసరికి పేర్లు సగం ఎగిరిపోయి ఉండేవి. నిర్మాత పేరులో ఇంటిపేరు మిగిలేది. డైరెక్టరు పేరైతే చాలాసార్లు అసలుండేదే కాదు. పేర్లు పడకుండానే తెర మీద హీరో మొహం ప్రత్యక్షమయ్యేది. జనం ఈల వేసేవారు. ఎవడు తీశాడని ఒక్కడూ అడగలేదు.

'సీతారామ కల్యాణం' సంగతి చెప్తాను. 1961 సినిమా. మా హాల్లో పండగలకి పాతవి వేసేవాళ్లం, అలా వచ్చేది. రామారావుగారు రావణాసురుడు, హరనాథ్ రాముడు. వచ్చినప్పుడల్లా డైరెక్టరు పేరు కనపడేది కాదు. ముందు ఊరి ఆపరేటరు చేతకానితనమని నేను తిట్టని తిట్టు లేదు. చాలా ఏళ్లకి తెలిసింది, ఆ కార్డు తెగలేదు, అసలు వెయ్యనే లేదట. ఆ సినిమా రామారావుగారే డైరెక్టు చేశారు, పేరు వేసుకోలేదు. నా తిట్లన్నీ వృథా అయ్యాయి. తర్వాతి రోజుల్లో ఆయనకీ మొహమాటం పోయిందనుకోండి, 1977 సంక్రాంతికి వచ్చిన 'దానవీరశూరకర్ణ'లో తనే కర్ణుడు, తనే దుర్యోధనుడు, తనే కృష్ణుడు, దర్శకత్వమూ తనదే. నాలుగు గంటలకి కాస్త తక్కువ. ఇరవైకి పైగా రీళ్లు, రోజుకి ఆటలెన్నో లెక్కేసుకోండి. నా చేతులు పడిపోయాయి. అంత పనిచేసినవాడు పేరు వేసుకుంటే నాకు అభ్యంతరం లేదు.

ఇప్పుడు పద్ధతి తిరగబడింది. సినిమా మొదలు పెట్టకముందే పోస్టరు వస్తుంది. పోస్టరు మీద ముందు పేరు. కెమెరా పక్కన కుర్చీలో కూర్చుని, టోపీ పెట్టుకుని, దూరంగా ఎటో చూస్తూ ఒక ఫోటో. రెండు సినిమాల్లో హీరో పక్కన నిలబడితే చాలు, మూడోదానికి రచన-దర్శకత్వం. 'నాకు తగ్గ కథ ఎవరూ రాయడం లేదు, అందుకే నేనే రాసుకున్నాను' అంటారు. తగ్గ కథే కావాలి అందరికీ. తనకి తగని కథ రాసేవాడు ఏడీ?

భానుమతిగారు రాశారు. అత్తగారి కథలు. తెర మీద ఆవిడ నోరు తెరిస్తే ఎదుటివాడి నోరు మూతపడేది, కథల్లో మాత్రం అత్తగారిదే పైచెయ్యి. భానుమతిగారు కోడలై పక్కన నిలబడి నవ్వు ఆపుకుంటూ ఉంటారు. మా ఆవిడ ఆ పుస్తకం వంటింటి గుమ్మంలో కూర్చుని చదివి నవ్వేది. "దేనికే ఆ నవ్వు?" అని మా అమ్మ కేకేసేది. "మీరు వినేది కాదులెండి అత్తయ్యా" అని పుస్తకం కొంగు కింద పెట్టేసేది. ఆ పుస్తకానికి ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది.

ఆవిడ డైరెక్టరని కూడా నాకు తెర చెప్పలేదు. ఆవిడ ఆత్మకథ 'నాలో నేను' చేతికొచ్చాకే తెలిసింది. 1939లో 'వరవిక్రయం'తో వచ్చారు. 1953లో 'చండీరాణి'కి దర్శకత్వం చేశారు. మధ్యలో 'స్వర్గసీమ', 'లైలా మజ్ను', 'మల్లీశ్వరి'. ఆ 'చండీరాణి'ని తెలుగు, తమిళం, హిందీ మూడింట్లోనూ ఒకేసారి తీశారు. అందులో ఆవిడవే రెండు వేషాలు. ఇప్పుడు పాన్ ఇండియా, పాన్ ఇండియా అని చెవులు హోరెత్తిస్తారే, ఆ పని ఒక ఆడమనిషి డెబ్భై ఏళ్ల కిందట మద్రాసు సాలిగ్రామంలో సొంత స్టూడియో పెట్టుకుని చేసింది. డబ్బింగు చెప్పించి నాలుగు భాషల జెండాలు ఎగరేయడం కాదది. ఒకే సీను తెలుగులో చెప్పి, తమిళంలో చెప్పి, హిందీలో చెప్పి, మళ్లీ కెమెరా వెనక్కి వెళ్లి ఇంకొకరికి నటన చెప్పాలి. పైగా పాటలు తనే పాడుకోవాలి. తర్వాత 1982లో అందరూ పిల్లలే వేషాలు వేసిన 'భక్త ధ్రువ మార్కండేయ' తీశారు. పది మంది పిల్లల్ని పెళ్లిలో ఒకచోట కూర్చోబెట్టి చూడండి, ఆ కష్టం తెలుస్తుంది.

సావిత్రిగారు 1968లో 'చిన్నారి పాపలు' తీశారు. ముఖ్యమైన పనులు చాలావరకు ఆడవాళ్ల చేతుల్లోనే, సంగీతం గాయని పి. లీల. సొమ్ము రాలేదు. తర్వాత మన 'మూగమనసులు'నే తమిళంలో 'ప్రాప్తం'గా తీసి ఇంకా నష్టపోయారు. ఆ సంగతి ఎక్కువ చెప్పను, చెప్తే నాకే బాగుండదు. డైరెక్షను సరదా ఇంటి దస్తావేజుల దాకా వచ్చే రోజులవి.

లెక్క తీస్తే రామారావుగారు డైరెక్టరు కుర్చీలో కూర్చునే ముందు పన్నెండేళ్లు మొహానికి రంగు వేసుకున్నారు. భానుమతిగారు పద్నాలుగు. సావిత్రిగారు అంతకన్నా ఎక్కువ. ఎస్వీ రంగారావుగారు 'చదరంగం' తీసేనాటికి ఇరవై ఏళ్లు ఘటోత్కచుడుగా, కీచకుడుగా, జమీందారుగా అందరి డైరెక్షనూ చూసి ఉన్నారు. మరుసటేడు 'బాంధవ్యాలు' తీశారు, దానికి నంది వచ్చింది.

ఇదంతా విని మా మనవడు ఊరుకోడుగా. అవసరాల శ్రీనివాస్ 'అష్టా చమ్మా'లో 2008లో వేశాడు, 2014లో 'ఊహలు గుసగుసలాడే' రాసి తీశాడు అన్నాడు. రాహుల్ రవీంద్రన్ 2012లో 'అందాల రాక్షసి' హీరో, 2018లో 'చి ల సౌ' తీస్తే స్క్రీన్‌ప్లేకి జాతీయ అవార్డు అన్నాడు. సరే, ఆరేసి ఏళ్లు. డిగ్రీ చదివి ఉద్యోగం వెతుక్కునేంత కాలం. మంచి సినిమాలే, కాదనను. పాసు మార్కులిచ్చాను.

అప్పుడు వాడు 'బలగం' పెట్టాడు. తీసింది ఎవర్రా అంటే వేణు అన్నాడు, 'మున్నా'లో టిల్లు వేషం వేసినవాడు. 2007లో 'మున్నా', 2023లో ఇది. పదహారేళ్లు. జనాన్ని నవ్వించి నవ్వించి, సిరిసిల్ల వైపు చావింట్లో పిట్టకి కూడు పెట్టే కథ తీశాడు. తెలంగాణ పల్లెల్లో పంచాయతీ దగ్గర తెర కట్టి, ఊరంతా కింద కూర్చుని చూశారట. టూరింగ్ టాకీసు రోజులు గుర్తొచ్చాయి. ఈయన లెక్క మా రోజుల లెక్కే. ఏడ్చానా అంటే, కళ్లజోడు తుడుచుకున్నాను.

ఒక్కటే గొడవ. మొదట్లో పేర్లు పడుతుంటే మనవడు బొటనవేలు పెట్టి ముందుకి తోసేశాడు. ప్రింటు తెగి కాదు, సిమెంటు అయిపోయి కాదు, వాడికి ఓపిక లేక. నేను రిమోటు లాక్కుని వెనక్కి తిప్పి మొదటినుంచీ పెట్టించాను. అప్పటినుంచి మా ఇంట్లో పేర్లు అయ్యేదాకా రిమోటు నా చేతిలోనే ఉంటుంది.