గుంత పార్టీ మారలేదు

పర్యావరణం దగ్గర మాకు పార్టీల్లేవని మన నాయకులు మళ్లీ మొదలుపెట్టారు. నమ్మొచ్చు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, ఎటు పోయినా వానకాలంలో రోడ్డు పక్కన అదే గుంత. 2015లో అందులో హరితహారం మొక్క దిగింది. తర్వాత గ్రీన్ ఇండియా ఛాలెంజ్ మొక్క. 2024లో ఢిల్లీవాళ్లు అమ్మ పేరున ఒకటి నాటమన్నారు. హైదరాబాద్‌లో సర్కారు మారింది గనుక హరితహారం వనమహోత్సవమైంది. మన జిల్లాల్లో ఇన్నేళ్లుగా పార్టీ మారనిది ఆ గుంత ఒక్కటే.

దాన్ని ఉపాధి కూలీలు ముందురోజే తవ్వి పెడతారు. నాయకుడు కారు దిగి పార పట్టుకుంటాడు. జానెడు కానుగ మొక్కను పట్టుకోవడానికి ఎనిమిది మంది తోసుకుంటారు. కెమెరా సిద్ధమన్నాకే నీళ్లు పోస్తారు. ట్రీగార్డు మీద మొక్క పేరుండదు, ఇచ్చినాయన పేరుంటుంది.

అంతా వెళ్లాక మేక వస్తుంది. దానికీ పార్టీల్లేవు.

ట్రీగార్డు మాత్రం బతుకుతుంది, వచ్చే ఏడు రంగు వేయించుకుంటుంది. 230 కోట్ల మొక్కలు లక్ష్యమని చెప్పుకున్న రాష్ట్రంలో ఎండకు నిలబడాలంటే ఇప్పటికీ తాతల నాటి చింతచెట్టే దిక్కు.

మొక్కల దగ్గరే కాదు, పొగ దగ్గరా పార్టీల్లేవు. చెల్పూరు థర్మల్ కేంద్రంలో 500 మెగావాట్లు కాంగ్రెస్ హయాంలో, మరో 600 టీఆర్ఎస్ హయాంలో వెలిగాయి. బొగ్గు దగ్గర ఎంత సఖ్యత!

చాలు ఈ వేళాకోళం. 2023 జూలై 27న చిట్యాలలో ఒక్కరోజే 616 మిల్లీమీటర్ల వాన పడింది. మోరంచపల్లి జనం డాబాలెక్కి హెలికాప్టర్ కోసం ఆకాశం చూశారు. వాగు మనుషుల్ని ఈడ్చుకుపోయింది. 2024 సెప్టెంబర్ 1న ఆకేరు మరిపెడ వైపు తండాలను ముంచింది, కేసముద్రం–ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది. మొదటిసారి కుర్చీలో ఒక పార్టీ, రెండోసారి ఇంకో పార్టీ. కుర్చీలో ఉన్నవాళ్లకు అది కనీవినీ ఎరుగని వాన, లేనివాళ్లకు సర్కారు చేతగానితనం. కుర్చీలతో పాటు మాటలూ మార్చుకున్నారు. చచ్చింది మనుషులయ్యా!

కలవాలనుంటే ఇక్కడ కలవండి. వాగు ఎంతకు చేరితే ఏ ఊరు ఖాళీ చేయించాలి, అర్ధరాత్రి ఆ కబురు తండాకు ఎవరు చేర్చాలి, ఏ వంతెన ఎత్తు పెంచాలి, అన్ని పార్టీల ఎమ్మెల్యేలూ కూర్చొని రాసి సంతకాలు పెట్టండి. సర్కారు మారినా ఆ కాగితం మారొద్దు. ఫొటో అక్కడ దిగండి, మేమే తీస్తాం. మొక్కల సంగతి కూలీలకు వదిలేయండి. ఇప్పటిదాకా చూసుకున్నదీ వాళ్లే.