మూత తీయనంతవరకూ మర్యాదస్తుడే

మన దగ్గర మందు కొనడం నేరం కాదు. ఖజానాకి తాగేవాడికన్నా నమ్మకమైన పోషకుడు లేడు కనుక అదొక రకం దేశసేవ. చిక్కంతా కొన్నాకే. ఇంట్లో తాగితే ఇల్లాలు ఊరుకోదు, బారుకెళ్తే జేబు ఊరుకోదు, రోడ్డు మీద తాగితే పోలీసు ఊరుకోడు. 99 రూపాయల క్వార్టర్ చేతిలో పెట్టిన సర్కారు, దాని మూత ఎక్కడ తీయాలో మాత్రం వెంటనే చెప్పలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో దుకాణం పక్కనే కూర్చుని తాగే పర్మిట్ రూములు 2019లో ఎత్తేశారు. తాగుడు తగ్గుతుందన్నారు. తగ్గింది రూములే. తాగేవాడు లేచి బయటికొచ్చాడు: మూసేసిన బట్టల కొట్టు మెట్ల మీదికి, బస్టాండు వెనక్కి, మునిసిపల్ కాంప్లెక్స్ సందులోకి. సాయంత్రం ఏడు దాటాక ఏ ఊరి సెంటర్‌లోనైనా వైన్ షాపు పక్కన ఓ ఐదు నిమిషాలు నిలబడి చూడండి. ప్లాస్టిక్ గ్లాసు, నీళ్ల ప్యాకెట్టు, కాగితం పొట్లంలో గుగ్గిళ్లు, ఉడికించిన గుడ్డు, అన్నీ రెండడుగుల దూరంలోనే. ప్యాకెట్టు మూల పంటితో కొరికి, గ్లాసులో సగం పోసి, మిగతా సగం మొహాన కొట్టుకుని నడిరోడ్డు మీదే మొదలుపెడతాడు. కూర్చునే చోటు తప్ప సకల ఏర్పాట్లూ ఉన్నాయి. ట్యూషన్ నుంచి వచ్చే ఆడపిల్ల ఆ సందు మానేసి మెయిన్ రోడ్డంతా చుట్టి ఇల్లు చేరుతుంది. ఆ చుట్టుతిరుగుడు ఏ శాఖ లెక్కలోకీ రాదు.

బడికీ గుడికీ వంద మీటర్ల లోపు దుకాణం ఉండకూడదని నిబంధన. అధికారులు టేపు పట్టి మరీ కొలుస్తారు. కొలిచేది దుకాణాన్ని, గిరాకీని ఎవరూ కొలవరు. అతను సీసా జేబులో వేసుకుని ఆ వంద మీటర్లూ బుద్ధిగా నడిచి, చీకట్లో ఖాళీగా ఉండేది బడి వరండాయే కాబట్టి అక్కడ కూర్చుంటాడు. సోమవారం పొద్దున ప్రార్థనకి ముందు పిల్లలు గాజు పెంకులు ఏరతారు. నిబంధన మాత్రం ఎక్కడా ఉల్లంఘన కాలేదు.

ఇక శిక్షల సంగతి. తాగి బహిరంగంగా అల్లరి చేస్తే 24 గంటల దాకా జైలు, లేదా 10 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అని 1860 నాటి శిక్షాస్మృతిలో 510వ సెక్షన్ చెప్పింది. ఆ పది రూపాయలు 2024 జూన్ దాకా చెక్కుచెదరలేదు. తాగినవాడికి జరిమానా కంటే గుగ్గిళ్ల ఖర్చే ఎక్కువగా ఉండేది. జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 355వ సెక్షన్ దాన్ని వెయ్యి దాకా పెంచింది, సమాజసేవ అనే శిక్షనూ చేర్చింది. తొంభై తొమ్మిదికి తాగు, వెయ్యి కట్టు. ఇంత లాభసాటి బేరం కిరాణా కొట్టు శెట్టికి కూడా తట్టదు.

ఇప్పుడు పోలీసు డ్రోను కూడా వచ్చింది. పొలం గట్టు మీద కూర్చున్న నలుగురి నెత్తిన అది గుయ్‌మంటుంది. వాళ్లు గ్లాసులు వదిలేసి, చెప్పులు వదిలేసి, ఒకరిద్దరు లుంగీలు కూడా వదిలేసి పరుగెడతారు. జనం డ్రోను తీసిన వీడియో చూసి పగలబడి నవ్వుతారు. పట్టుబడేది హమాలీ, ఆటోవాలా, తాపీపనివాడు. ఏసీ కారు అద్దాలెక్కించుకుని బైపాస్ పక్కన తాగే పెద్దమనిషిని పైనుంచి చూస్తే డ్రోనుకి కారు పైకప్పే కనబడుతుంది. టెక్నాలజీకీ కొంత మర్యాద తెలుసు.

2024 అక్టోబరులో 3,396 ప్రైవేటు దుకాణాలకి లాటరీ తీశారు. దాదాపు 90 వేల దరఖాస్తులు, ఒక్కోదానికి రెండు లక్షలు, దుకాణం రాకపోయినా డబ్బు వెనక్కి రాదు. సీసా మూత తీయకముందే సుమారు 1,800 కోట్లు వచ్చిపడ్డాయి. ఆ మరుసటి ఏడాది, రోడ్డు మీద తాగుతున్నారు కాబట్టి, పర్మిట్ రూములు మళ్లీ తెచ్చారు. వాటికీ లక్షల్లో ఫీజు. రోగం అమ్మారు, దాని మందూ అమ్మారు. ఆ మందు కూడా మందే.

ఇదంతా ఆడవాళ్లు ఒకసారి తేల్చేశారు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడికి వెళ్లి అక్షరాలు దిద్దుకున్నవాళ్లు సారా కొట్టు మూయించారు. 1993లో సారా పోయింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో అదీ పోయింది. ఆ రాత్రిబళ్లు కూడా పోయాయి. చదువు చెప్తే ఏమవుతుందో సర్కారుకి ఒక్కసారికే అర్థమైంది.

నాదొక్కటే మనవి. కొత్త చట్టంలోని ఆ సమాజసేవని దయచేసి గట్టిగా అమలు చేయండి. తాగి పడిపోయినవాడికి చీపురిచ్చి సెంటర్ ఊడిపించండి, తప్పులేదు. కాకపోతే ఊడ్చే వాటా మాత్రం ఆదాయాన్ని బట్టి పంచాలి. క్వార్టర్ కొన్నవాడికి బస్టాండు మెట్లు. మద్యం సిండికేటు ఓనరుకి మెయిన్ రోడ్డు. ఎక్సైజు శాఖకి జిల్లా. మిగిలిన రాష్ట్రమంతా ఎవరు ఊడవాలో బడ్జెట్ పుస్తకం తీస్తే ఆదాయాల పద్దులోనే ఉంటుంది.