పడ్డవాళ్లు చెప్పే గెలుపు పాఠాలు

ఫిగర్ స్కేటింగ్ ఛాంపియన్ల స్ఫూర్తి పుస్తకాలకు అమెరికాలో ప్రత్యేకంగా ఒక బజారు ఉంది. దాని పునాది పాతదే. 1928, 1932, 1936 ఒలింపిక్స్‌లో వరసగా స్వర్ణాలు పట్టుకెళ్లిన నార్వే తార సోనియా హెనీ 1940లోనే తన కథ అచ్చేయించింది. అసలు గిరాకీ మాత్రం 1994 జనవరిలో వచ్చింది. స్కేటర్ నాన్సీ కెరిగన్‌ను మోకాలి దగ్గర ఒకడు లాఠీతో కొట్టి పారిపోయాడు. వాణ్ణి కుదిర్చినవాళ్లలో ప్రత్యర్థి టోన్యా హార్డింగ్ మాజీ భర్త కూడా ఉన్నాడని తేలింది. అంతవరకూ స్కేటింగ్ మొహం చూడని ఇళ్లవాళ్లు కూడా టీవీలకు అతుక్కుపోయారు. ఒక లాఠీదెబ్బ పుణ్యమా అని పట్టుదల, సౌహార్దం, ఆశావాదం బోధించే పుస్తకాలకు రోజులొచ్చాయి.

ఈ పుస్తకాల్లో ఉత్కంఠకు చోటు తక్కువ. మెడలో పతకంతో నవ్వుతున్న ఫొటో అట్ట మీదే ఉంటుంది, డిటెక్టివ్ నవల ముఖచిత్రంగా హంతకుడి బొమ్మ వేసినట్టు. లోపలి వరస కూడా దాదాపు ఖరారే: చీకటితో లేవడం, అమ్మ కారు తీయడం, నాన్న అప్పు చేయడం, సరిగ్గా పెద్ద పోటీల ముందు గాయం, ఆపైన పోడియం. అట్ట అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో తరచు ఇంకో పేరు కనిపిస్తుంది. వాక్యాలు ఆయనవి. పదిహేనేళ్ల పిల్ల ఉన్నట్టుండి వేదాంతం మాట్లాడిందంటే, ఆయన అప్పుడే కాఫీ తాగి వచ్చి కూర్చున్నాడని అర్థం చేసుకోవాలి.

వయసు సంగతి విడిగా చెప్పుకోవాల్సిందే. టారా లిపిన్‌స్కీ 1998లో నగానోలో స్వర్ణం గెలిచేనాటికి ఆమెకు పదిహేనేళ్లు. ఆత్మకథ అంతకు ముందు ఏడే వచ్చేసింది, గెలిచిన ఏడు రెండోదీ వచ్చింది. రెండింటి మధ్యా గడిచిన జీవితం ఏడాది, అదీ ఎక్కువగా రింకులోనే. మిషెల్ క్వాన్ మొదటి పుస్తకం పదిహేడేళ్లకు వెలువడింది. ఆమె తల్లిదండ్రులు శిక్షణ ఖర్చుల కోసం ఇల్లు అమ్ముకున్నారు కాబట్టి, ఆ వయసుకే రాయడానికి కాస్త సరుకుందని ఒప్పుకోవాలి. నగానోలో ఆమెకు దక్కింది రజతం. మరుసటి ఏడాది ఆమె పేరుతో వచ్చిన పుస్తకం విజేతకు ఉండాల్సిన వైఖరి గురించి! రెండో స్థానంలో నిలిచిన మనిషి గెలుపు పాఠాలు చెప్పడం పైకి నవ్వు తెప్పిస్తుంది గానీ, ఈ విషయంలో ఆమె మాటే ఎక్కువ నమ్మదగింది. మొత్తమ్మీద ఐదుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయినా ఒలింపిక్ స్వర్ణం చిక్కలేదు. గెలవడం, చేజారడం రెండూ తెలిసిన మనిషి ఆమె.

నిజానికి ఈ పుస్తకాల అసలు సరుకు పతకం కాదు, పడడం. స్కేటు బ్లేడు మందం నాలుగైదు మిల్లీమీటర్లు. అడుగున గాడి, దానికి అటూ ఇటూ రెండు అంచులు. ట్రిపుల్ ఆక్సెల్ అంటే ముందుకు సాగుతూ ఎగిరి, సెకను గడవకుండా గాల్లో మూడున్నర చుట్లు తిరిగి, వెనక్కి జారుతూ ఒంటికాలి మీద, అందులోనూ బ్లేడు బయటి అంచు మీద దిగడం. ఒళ్లు కాస్త వాలిందా, అంచు పట్టు తప్పుతుంది, తుంటి మంచుకు తగులుతుంది. కొత్తగా చేరిన పిల్లలకు మొదట్లోనే దెబ్బ తగలకుండా పడడం, పడ్డాక లేవడం నేర్పేది అందుకే.

1984 సరయేవో విజేత స్కాట్ హామిల్టన్ తాను 41,600 సార్లు పడ్డానని లెక్క కట్టాడు. ఇరవై ఏళ్లకు పంచినా రోజుకు ఐదారు, ఆదివారాలూ పండగలూ కలుపుకుని. అన్నిసార్లూ లేచానన్నది ఆయన చెప్పదలచిన ముక్క. ఆ చిట్టా ఎవరు రాశారన్నది పాఠకుడికి వచ్చే సందేహం. 1997లో క్యాన్సర్, 2004 మొదలు మూడుసార్లు మెదడులో కణితి, అయినా నవ్వుతూ తిరిగే మనిషి సంతోషానికి ఎనిమిది సూత్రాలు చెబితే ఎదురు వాదించడానికి ఎవరికీ నోరు రాదు. ఎనిమిదే ఎందుకంటే, ఒకప్పుడు స్కేటర్లు మంచు మీద 8 ఆకారం గీస్తే న్యాయనిర్ణేతలు వంగి మరీ ఆ గీతల్ని పరిశీలించేవారు. 1990 తర్వాత పెద్ద పోటీల్లోంచి ఆ తతంగాన్ని తీసేశారు.

1992 స్వర్ణ విజేత క్రిస్టీ యమగూచి 2011లో ఈ పడిలేచే పాఠమంతా పిల్లల బొమ్మల పుస్తకంలోకి కుదించింది. కథానాయిక ఒక పందిపిల్ల. రకరకాల కళల్లో తార కావాలని ప్రయత్నించి, ఏదీ అచ్చిరాక, చివరికి మంచు మీద నిలదొక్కుకుంటుంది. లావుపాటి ఆత్మకథల్లో ఉండే కథంతా ఇందులోనూ ఉంది. చదవడానికి పది నిమిషాలు చాలు.

ఎకతెరీనా గోర్దీవా పుస్తకం ఈ వరసలో ఇమడదు. భర్త సెర్గీ గ్రిన్‌కోవ్‌తో జంటగా 1988లో, 1994లో ఆమె స్వర్ణాలు గెలిచింది. 1995 నవంబరులో లేక్ ప్లాసిడ్‌లో సాధన చేస్తూ ఆయన మంచు మీదే గుండె ఆగి పోయాడు. ఇరవై ఎనిమిదేళ్లు. ఏడాది తిరక్కుండానే వచ్చిన ఆ పుస్తకాన్ని, వెక్కిరిద్దామని తెరిచినవాళ్లు కూడా నోరు మూసుకుని చదువుతారు.

జపాన్ స్కేటర్ యుజురు హన్యూదీ కుర్రవయసు పుస్తకమే, 2012లో వచ్చింది. 2011 మార్చి భూకంపం వేళ అతను సెందాయ్ రింకులో సాధన చేస్తున్నాడు. కాళ్లకున్న స్కేట్లతోనే బయటికి పరుగెత్తాడు. పుస్తకం రాయల్టీ ఆ రింకుకే ఇచ్చేశాడు.

ఇక పాఠకులు. వీళ్లలో చాలామంది మంచును ఫ్రిజ్‌లో తప్ప చూసి ఉండరు. సోఫాలో కాళ్లు బారజాపి, నాలుగింటికి లేవడం ఎంత అవసరమో రాత్రి ఒంటిగంట దాకా చదివి, పొద్దున్నే తొమ్మిదింటికి లేస్తారు. పుస్తకం తప్పేమీ లేదు. ట్రిపుల్ ఆక్సెల్ వరండాలో ప్రయత్నించేది కాదు. ఆ ఇబ్బందిని గుర్తించినవాడు 1988 విజేత బ్రయన్ బొయిటానో. 2013లో ఆయన వంటల పుస్తకం వేశాడు. చెప్పింది చెప్పినట్టు ఇంట్లో చేసి చూసుకోవచ్చు, మాడితే స్టవ్ కట్టేస్తే సరి.